నల్లగా వదిలేసిన చెట్లలో

ఫొటో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు భద్రాచలంలో మా ఇంటికి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే. "మేడం, ఫొటో చూడంగనే అందరు ఆగిపోవాలె. ఏం చేయాలె?" నాకు తెలిసిన చిట్కాలు చెబుతాను. వాళ్లు ఫోన్‌లో రాసుకుని వెళ్లిపోతారు. వాళ్లు గేటు దాటాక, అసలు చెప్పవలసింది చెప్పనే లేదే అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో చిట్కాలు తక్కువ. పని చేసినన్నాళ్లలో నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మాడిన తెలుపు

మాది తిరుమలాయపాలెం. ఖమ్మంలో ఒక స్టూడియోలో నెగెటివ్‌లకు టచింగ్ చేయడం నేర్చుకున్నాను. గాజుబల్ల కింద బల్బు వెలుగుతుంటే, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముఖాల మీది మచ్చలు సరిచేసే పని అది. పెళ్లయ్యాక భద్రాచలం వచ్చి నరసయ్య గారి స్టూడియోలో చేరాను. రిటైరయ్యే దాకా అక్కడే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన ఒక డిజిటల్ కెమెరా, దాంతోపాటు కంప్యూటర్ కొన్నారు. పెన్సిల్ పట్టిన చేతికి మౌస్ అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది.

ఆ పనిలో నాకు మొదట అర్థమైంది ఇది. మన కన్ను వాకిట్లో ఎండలో నిలబడ్డ మనిషినీ, వసారా లోపల కూర్చున్న మనిషినీ ఒకేసారి చూస్తుంది. అప్పటి కెమెరాలకు అది చేతనయ్యేది కాదు. ఎండను పట్టుకుంటే నీడ నల్లబడేది. నీడను పట్టుకుంటే ఎండ తెల్లగా మాడిపోయేది. వెలుగును కాస్త దించి, నీడను కాస్త లేపి, ఆ ఇద్దరు మనుషులనూ మళ్లీ ఒకే ఫొటోలో కూర్చోబెట్టడం నా పని.

ఒక పెళ్లి ఫొటోతో మొదలుపెట్టాను. మధ్యాహ్నపు ఎండలో పెళ్లికూతురి తెల్లచీర మాడిపోయి, అంచు మొత్తం మాయమైంది. ఎంత దించినా అక్కడ బూడిద రంగు వచ్చిందే కానీ అంచు రాలేదు. కెమెరా దాన్ని అసలు పట్టుకోనేలేదు. లేనిదాన్ని ఎక్కడినుంచి తెస్తాం? అదే ఫొటోలో పందిరి కింద కాటుకలా ఉన్న మూలను ఊరికే లేపి చూశాను. అక్కడ పెళ్లికొడుకు తండ్రి గోడవైపు తిరిగి కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఉలిక్కిపడ్డాను. ఆ ఫొటోలు తీసింది మా స్టూడియో ఫొటోగ్రాఫర్ రాములు. పిలిచి చూపిస్తే వాడూ నోరు తెరిచాడు.

"ఈయననా? పొద్దున్నుంచి అందరి మీద ఒర్రుకుంట తిరిగిండక్కా! ఏడ్చిండా?"

తెల్లగా మాడితే అంతా పోయినట్టే, నల్లగా ఉన్నచోట మాత్రం ఏదో ఒకటి మిగిలి ఉంటుంది అని అప్పుడు తెలిసింది. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ఎండలో తీసేటప్పుడు తెలుపును కాపాడుకోండి, ఇంటికొచ్చాక నలుపును వెతకండి.

"మా పిల్ల పెండ్లికి రాలేదా?"

నరసయ్య గారు మంచి మనిషి. ఇంట్లో ఎవరికైనా బాగాలేదంటే దవాఖానాకు తనే తీసుకెళ్లేవారు. కానీ ఫొటో విషయంలో ఆయనది ఒకటే సూత్రం. "విజయమ్మా, ముఖం తెల్లగ లేపు. ఎనకాల చీకటి చేయి. గిరాకీ మెచ్చేది గదే." ఈ సూత్రంతోనే స్టూడియో నడిచింది. నేనూ అలాగే చేశాను.

చర్ల వైపు ఒక కోయ గూడెంలో జరిగిన పెళ్లి ఆల్బం తయారైంది. తీసుకెళ్లడానికి పెళ్లికూతురు, ఆమె తల్లి, నాయనమ్మ వచ్చారు. నాయనమ్మ బెంచీ మీద కూర్చుని పేజీలు తిప్పింది. డోలు కొట్టే వాళ్లను, వంటల దగ్గర ఉన్న ఆడవాళ్లను పేరుపేరునా గుర్తుపట్టింది. పెళ్లికూతురి ఫొటో దగ్గర ఆగింది.

"ఈ పిల్ల ఎవలు?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇంకో పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి, నా ముఖంలోకి చూసింది.

"మా పిల్ల పెండ్లికి రాలేదా?"

మనవరాలి చెయ్యి పట్టుకుని లాగి ఆ పేజీ మీద పెట్టింది. ఆ చెయ్యికీ ఆ ముఖానికీ సంబంధం లేదు. ఆ పిల్ల కిందికి చూస్తూ నిలబడింది. ఆ అమ్మాయి ముఖంలో రంగంతా, ముక్కు పక్కన, గడ్డం కింద ఉండే ఆ నీడల్లోనే ఉంది. తెల్లబరచడానికి ఆ నీడలన్నీ తుడిచేశాను. వాటితోపాటు మనిషీ పోయింది.

"ముసలామెకు కండ్లు సరిగ కనవడయి తియ్" అన్నారు నరసయ్య గారు, వాళ్లు బయటికి వెళ్లాక. కానీ ఆల్బం మళ్లీ చేస్తానంటే అడ్డు చెప్పలేదు. రెండోసారి ఆ నాయనమ్మ ఆల్బం తీసుకుని తెరిచింది. మనవరాలి ఫొటో మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

వరద నాటి ఫొటోలు

కొన్నాళ్లకు ఒక వానాకాలం గోదావరి పెద్దగా వచ్చింది. వాగులు ఎగదన్ని, దిగువ గూడేలు మునిగాయి. మునిగిన పొలాల ఫొటోలు కావాలని రెవెన్యూ ఆఫీసువాళ్లు మా స్టూడియోకు కబురుపెట్టారు. పొద్దున రాములు వాళ్ల జీపులో వెళ్లాడు. రోడ్డు నీళ్లలో కలిసిపోయే చోట ఒక మట్టిదిబ్బ ఉందట. దాని మీద నిలబడి, ఎదురుగా మునిగిన గూడెం వైపు వరుసగా ఫొటోలు తీసి, మధ్యాహ్నానికి మెమరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జల్దీ కానియ్ విజయమ్మా" అన్నారు నరసయ్య గారు. "సాయంత్రానికి ప్రింట్లు ఇయ్యాలె. నీళ్లు మంచిగ కనవడాలె. చెట్లు నల్లగున్నా ఫర్వాలేదు."

ఊళ్లో కరెంటు లేదు. జనరేటర్ మీద కంప్యూటర్ నడుస్తోంది. ఫొటోలు తెరిచాను. అప్పుడే వాన వెలిసి ఎదురుగా ఎండ కాసిందేమో, నీళ్లన్నీ తగరంలా తెల్లగా మెరుస్తున్నాయి. చెట్లన్నీ ఒకే నల్లటి గోడ. తెలుపును దించాను. కరెంటు స్తంభాల తలలు, ఒక రేకుల కప్పు బయటపడ్డాయి. ఆఫీసుకు అది చాలు. అలవాటు కొద్దీ నలుపును కూడా లేపాను.

నలుపును మరీ లేపితే ఫొటోలో గింజలు వస్తాయి. ఇసుక చల్లినట్టు ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. అవి నిజం కావు, కెమెరా తడబాటు. ఆ చుక్కల మధ్య, ఒక పెద్ద మద్దిచెట్టు నడుమ, ఎర్రటి మరక ఒకటి కాస్త పెద్దగా కనిపించింది. దాని పైన కొమ్మకు నల్లటి ముద్ద వేలాడుతోంది. తేనెపట్టు అనుకున్నాను. ఎర్ర మరకను కూడా వదిలేసేదాన్నే. తర్వాతి ఫొటోలో కూడా అది అదే చోట ఉంది.

గింజలు ఒక ఫొటోలో ఒక చోట, ఇంకో ఫొటోలో ఇంకో చోట వస్తాయి. ఒకే చోట ఉండవు. ఇది ఉంది. కానీ దాని ఆకారం మారింది. మొదటి ఫొటోలో కిందికి జారి ఉంది. రెండో దాంట్లో అడ్డంగా ఉంది. మూడోది తెరిచి, నలుపు లేపి, పెద్దది చేశాను. ఎర్రటిది పైకి లేచి ఉంది. దాని కింద ఒక చెయ్యి ఉంది.

అది చీర. ఎవరో ఊపుతున్నారు.

నేను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయిందని తర్వాత వాళ్లు చెబితేనే నాకు తెలిసింది. వెనక గదిలో అన్నం తింటున్న రాములును పిలిచాను.

"ఏందక్కా?"

"ఈ చెట్టు కాడ ఎవలన్న ఉన్నరా?"

"ఎవలుంటరక్కా? ఊరంత ఖాళీ చేపిచ్చిండ్రు గదా."

మూడు ఫొటోలూ ఒకదాని వెంట ఒకటి చూపించాను. పైన వేలాడేది తేనెపట్టు అని చెప్పాను. చీర కిందికి, అడ్డంగా, పైకి. రాములు ఎంగిలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నేను ఆడ్నే నిలవడ్డక్కా" అన్నాడు. "శానా సేపు నిలవడ్డ."

నరసయ్య గారు వచ్చి చూశారు. "గింజలమ్మా అవి. చీకటి లేపితే గింజలొస్తయని నువ్వే చెప్తవు గదా?" అన్నారు. మళ్లీ మూడు ఫొటోలూ వరుసగా తిప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని ఇంకోసారి తిప్పమన్నారు. ఆ తర్వాత చెప్పులు వేసుకుంటూ, "ప్రింట్లు తియ్. నడువుండ్రి" అన్నారు.

రెండు గదులు

ఆఫీసు దగ్గరే. ముగ్గురం ఇంచుమించు పరుగెత్తాం. అక్కడి అధికారి రోజుల తరబడి నిద్ర లేని మనిషి. ప్రింట్లు చూసి పక్కన పెట్టేశాడు.

"ఆ గూడెం మొత్తం ఖాళీ చేయించినం. అందరు ఈ ఊరి బడిలో పెట్టిన శిబిరంలో ఉన్నరు. కంప్యూటర్‌ల కావాలంటే చెట్టు మీద పులిని గూడ కూసోబెడతరు గదమ్మా మీరు."

నరసయ్య గారు ముందుకు వచ్చి, అంతకుముందు నేనెప్పుడూ వినని గొంతుతో మాట్లాడారు.

"నిజమే సార్. మా దుకాణంల అబద్ధపు ఫొటోలు శానా చేసినం. నల్లటి పిల్లలను తెల్లగ చేసినం. ఉన్న మొటిమలు తీసేసినం, లేని నవ్వులు పెట్టినం. గవన్నీ నేనే చేపిచ్చిన. గిది మాత్రం చేయలే. మీరు బడికి రాండ్రి. ఎవలన్న తక్కువున్నరో లేదో అడుగుదాం. అందరుంటే నన్ను ఏమన్న అనుండ్రి, పడత."

అధికారి ప్రింట్లు తీసి నా చేతికిచ్చి, లేచాడు.

బడిలో ఒక గదిలో ఆ గూడెం వాళ్లున్నారు. ఊరిపెద్దను అడిగితే, "అందరు వచ్చిండ్రు సార్. ముత్తెమ్మోళ్లు ఒక్కరే రాలే. అత్తాకోడళ్లు పిల్లను తీసుకొని ముత్తెమ్మ తల్లిగారింటికి పోయిండ్రు" అన్నాడు. ముత్తెమ్మ భర్త కూలికి వేంసూరు వైపు వెళ్లాడట. అధికారి నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఇంతలో ఒక ఆడమనిషి నా చేతిలోని ప్రింటు లాక్కుంది. ముత్తెమ్మ ఆడబిడ్డ అని తర్వాత తెలిసింది. కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, నెమ్మదిగా అంది.

"ముత్తెమ్మ తల్లిగారోళ్లు గీడ్నే ఉన్నరు గద. పక్క అర్రల."

ఆమె తలుపు దగ్గరికి వెళ్లి పక్కగదిలోకి కోయ మాటల్లో ఏదో కేకేసింది. లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో సగం తిన్న అన్నం పొట్లం ఉంది. ఈ గదిలో ముఖాలన్నీ ఒక్కొక్కటిగా వెతికింది.

"నా బిడ్డ మీ కాడ లేదా?" అంది తెలుగులో. "మీ కాడ ఉన్నదనుకున్న."

వాళ్లు రెండు రోజులుగా పక్కపక్క గదుల్లో ఉన్నారు. మధ్యలో ఒక్క గోడ. కూతురు అత్తగారి వాళ్లతో ఉందని వీళ్లు, తల్లిగారింట్లో ఉందని వాళ్లు. ఎవరిదీ అబద్ధం కాదు, ఎవరూ వెతకలేదు. ఆ తల్లి చేతిలోంచి పొట్లం జారి నేల మీద పడటం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అధికారి తనే వెళ్లి చేపలు పట్టేవాళ్ల మోటారు పడవ మాట్లాడాడు. చెట్టు చూపించడానికి రాములు ఎక్కాడు. నేను కరకట్ట మీద నిలబడ్డాను. ముత్తెమ్మ తల్లి నా పక్కనే కూర్చుంది. ప్రింటు ఆమె చేతిలోనే ఉంది. మధ్యలో ఒకసారి దాన్ని నాకు చూపించి, "చెయ్యి లేపింది గద? చెయ్యి లేపింది అంటే పానం ఉన్నట్టే గద?" అంది. అవునన్నాను. ఆ ఫొటో తీసింది పొద్దున అని మాత్రం చెప్పలేదు.

ఎండ వాలే వేళకు పడవ తిరిగొచ్చింది. ముందు ముత్తెమ్మ అత్త దిగింది, కాళ్లు నిలవక ఇద్దరు పట్టుకున్నారు. వెనక జాకెట్టు, లంగా మీద ఎవరిదో తువ్వాలు కప్పుకుని ముత్తెమ్మ. ఎర్రచీర చేతిలో ముద్దగా ఉంది. పడవ నడిపిన మనిషి కూడా దిగాడు. చివర్న రాములు. వాడి రెండు చేతుల్లో తడిసిన గోనెగుడ్డ మూట.

నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"తేనెపట్టు కాదక్కా" అన్నాడు.

మూట కదిలింది. అది ఉయ్యాల. నెలల పిల్ల. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తెలియక, తమకంటే పై కొమ్మకు కట్టారట. నేను పెద్దది చేసి చూసి, తేనెపట్టు అనుకుని పక్కన పెట్టేసినది అదే.

తర్వాత

ముగ్గురూ దవాఖానాలో ఉండి బయటపడ్డారు. పిల్లకు జ్వరం ఎక్కువే వచ్చింది కానీ తగ్గింది. మొక్కజొన్న చేను కాపలాకు గుడిసెలో ఉండగా వెనక నుంచి వాగు కమ్మిందని, పశువుల పలుపు సాయంతో చెట్టెక్కామని ముత్తెమ్మ అత్త చెప్పింది. ఆ మూడు ఫొటోలు మాత్రం ఆఫీసు రిపోర్టులో పెట్టలేదు. గూడెం మొత్తం ఖాళీ చేయించామని అప్పటికే పైకి చెప్పేశారు కాబట్టి, చెట్లు నల్లగా ఉన్న ఫొటోలే తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ అధికారి మీద నాకు ఇప్పటికీ చెడు మాట రాదు. పడవ కోసం కట్ట మీద చెప్పుల్లేకుండా పరుగెత్తిన మనిషి అతను.

నరసయ్య గారు తన సూత్రం మానేశారని చెప్పను. పెళ్లిళ్ల సీజన్ రాగానే మళ్లీ ముఖాలు తెల్లగా చేయమనేవారు. కాకపోతే, పని పూర్తయ్యాక ప్రింటుకు వెళ్లే ముందు, "చీకట్లు ఒకసారి లేపి చూసినవా?" అని అడగడం మొదలుపెట్టారు. చూశానంటేనే మిషన్ ఆన్ చేసేవారు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో వెలుగునూ నీడనూ సర్దేస్తుంది. సర్దనివ్వండి. కానీ మీ కళ్లతో ఒక్కసారి ఆ నలుపులోకి వెళ్లి రండి. పక్క ఫొటోతో పోల్చి చూడండి. ఏమీ లేకపోతే మళ్లీ చీకటి చేసుకోవచ్చు, ఎవరూ అడగరు.

నీళ్లు తగ్గి, రోడ్లు తేలాక ముత్తెమ్మ స్టూడియోకు వచ్చింది. వెంట భర్త, చంకలో పిల్ల. ఆ ఫొటో చూడాలని అడిగింది. కంప్యూటర్‌లో తెరిచి, నలుపు లేపి, చెట్టు పెద్దది చేసి చూపించాను. ఆమె తనను తాను ఎక్కువసేపు చూడలేదు. గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డ రాములు వైపు తిరిగింది.

"అవ్, గీ అన్ననే" అంది భర్తతో. "నాకు మంచిగ కనవడ్డడు. ఎండల నిలవడ్డడు. బీడీ ముట్టిచ్చిండు. వాగు మోతకు మా కేకలు ఇనవడలేదేమో. డబ్బ కండ్లకు పెట్టుకొని మా దిక్కే చూసిండు. చూసిండు, ఇగ పడవ తెస్తడని మా అత్తకు చెప్పిన. మల్ల డబ్బ సంచిల పెట్టుకొని పోయిండు."

గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

రాములు ఒక అడుగు ముందుకు వేశాడు. "కనవడలే చెల్లే. ఎండ కండ్లల్ల కొట్టింది. చెట్లన్ని నల్లగున్నయి. ఒట్టు, నాకేం కనవడలే."

ముత్తెమ్మ అతని ముఖంలోకి చూసింది. నమ్మాలని చూస్తున్నట్టే ఉంది. పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుని, అడిగింది.

"గంత దగ్గర్నుంచా?"